పాత బండి అడుగు రేకు



ఇంటి సంగతులు, పొలము సంగతులు ఈ శీర్షికలో వ్రాస్తూ వచ్చాము. ఈ మాసము బండి సంగతి వ్రాయదలచాము. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె వైపు గ్రామములలోను, ఇటు శ్రీకాళహస్తి, సూళ్లూరుపేట వైపున కూడా మన కుటుంబములలో అనేకులకు పాత పికప్పు బండ్లు వున్నవి. వెనుక తొట్టి కట్టిన మహీంద్రా జీపులు, 1988లో వచ్చిన టాటామొబైల్, దాని తరువాత వచ్చిన టాటా 207 వంటి బండ్లు ఇవి. తండ్రి నడిపిన బండిని కుమారుడు మరల బాగుచేయించుకొని నడుపుకొనుట మంచిదే. అయితే బాగుచేయించుట అంటే ఇంజను విప్పించి, టైర్లు మార్పించి, రంగు కొట్టించుట అనుకుంటారు. కాళ్ల కింద వున్న రేకును ఎవరూ చూడరు. మ్యాటు ఎత్తితే గదా కనబడేది!

కొండమీది ప్రసంగములో ప్రభువు తుప్పు మాట చెప్పిన సంగతి మీకు తెలిసినదే. మేము దానిమీద ప్రసంగము చేయబోవుట లేదు. నిజముగా ఇనుప రేకును తినే తుప్పును గూర్చియే వ్రాస్తున్నాము.

ఈ బండ్ల కట్టుబడి మొదట తెలిసికొనవలెను. అడుగున ఛాసీ అని రెండు పొడవాటి ఇనుప దూలములు, వాటిని కలుపుతూ అడ్డ ఛానళ్లు వుంటాయి. ఇంజను బరువు, సరుకు బరువు మోసేది ఆ ఛాసీయే. దానిమీద రబ్బరు బుష్‌లు పెట్టి కేబినును, వెనుక తొట్టిని బోల్టులతో బిగిస్తారు. గనుక అడుగు రేకు పోయినంత మాత్రమున బండి రెండుగా విరిగిపోదు. ఈ ధైర్యముతోనే చాలామంది అశ్రద్ధ చేస్తారు. కాని డ్రైవరు కూర్చున్న సీటు ఆ రేకుకే బిగించి వుంటుంది. సడన్‌గా బ్రేకు వేసిన నాడు సీటు బోల్టులు తుప్పు రేకులో నుండి ఊడివస్తే స్టీరింగు ఎవరి చేతిలో వుంటుంది?

అమెరికా, కెనడా దేశములలో చలికాలమున మంచు కరుగుటకు రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు ఎగిరి బండ్ల అడుగు రేకులను తినివేస్తుంది. అందుచేత అక్కడ పాత పికప్పు కొన్నవారు మొదట చేయించే పని అడుగు రేకు పనియే. మనకు మంచు లేదు, రోడ్లమీద ఉప్పు లేదు. అయినా మన బండ్లకు వేరే ఉప్పు వున్నది. పొలమునకు వేసే పొటాష్ ఎరువు పొటాషియం క్లోరైడు. మనము తినే ఉప్పు సోడియం క్లోరైడు. ఇనుము యెడల రెండూ చేసే పని ఒకటే. చినిగిన సంచిలోనుండి పొటాష్ తొట్టి మూలలలో రాలి, దానిమీద వాన పడితే అంతకంటే ఏమి కావలెను? టమోటా రసము, తోతాపురి మామిడి రసము పులుపు. అవి కారి సందులలో ఎండి, మరల తడిసి, మరల ఎండుతూ వుంటాయి. పశువులను తోలుకొని పోతే వాటి మూత్రము, పేడ. ఇక పులికాట్ సరస్సు పక్క గ్రామముల వారికి గాలిలోనే ఉప్పు వుంటుంది.

వెనుక తొట్టి సంగతి ఇది. కేబిను వేరు. అక్కడ ఎరువు ఎవరూ పోయరు గదా, రేకు ఎందుకు పోతుంది అని అడుగుతారు. ముందు అద్దము చుట్టూ వున్న రబ్బరు ఎండకు బిరుసెక్కి పగులుతుంది. వాన నీరు ఆ పగులులోనుండి లోపలికి దిగి, డాష్‌బోర్డు వెనుకగా జారి, పెడల్స్ దగ్గర మ్యాటు కిందికి చేరుతుంది. పైన ఆరినట్లే కనబడుతుంది, కింద గోనె సంచి పదిరోజులైనా తడిగానే వుంటుంది. మన ప్రాంతములో అక్టోబరు నుండి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనముల వాన. ఆ మూడు నెలలు చాలు. 2021 నవంబరులో తిరుపతి పట్టణమును ముంచిన వరదలో నిలిచిన బండ్లయితే సీట్ల దాకా బురద నీటిలో నానినవి. అటువంటి బండిని కొనదలచినవారు ఇంజను మాట తరువాత, మొదట మ్యాటు ఎత్తి చూడవలెను.

చూచుటకు పెద్ద పరికరములు అక్కరలేదు. చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవరు చాలును. సుత్తితో మెల్లగా తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు రేకు డప్పుమంటుంది. అనుమానము వున్నచోట స్క్రూడ్రైవరుతో పొడవండి. గుచ్చుకొనిపోతే ఆ రేకు వున్నా లేనట్టే. అడ్డ ఛానలు మీద రేకు కూర్చున్న చోట, సీటు కింద, తలుపు గడప లోపలి మడత, తొట్టి నాలుగు మూలలు తప్పక చూడవలెను. మట్టి చేరి తడి నిలిచేది అక్కడే.

పైపైన ఎర్రగా వుండి, వైరు బ్రష్‌తో రుద్దితే కింద తెల్లని ఇనుము కనబడితే భయము లేదు. బాగా రుద్ది, ప్రైమరు, పెయింటు వేస్తే సరి. గుంటలు పడి రేకు పలచబడినా, చిల్లి పడినా రంగుతో పని జరగదు. అక్కడే జనులు తప్పుదారి పడుతున్నారు. తుప్పు రేకును అలాగే వుంచి దానిమీద ఇంకొక రేకు పరచి నాలుగు చుక్కలు వెల్డింగు కొట్టిస్తారు. ఒక పూటలో పని అయిపోతుంది, ఖర్చు తక్కువ, చూచుటకు అందముగా వుంటుంది. కాని రెండు రేకుల నడుమ సన్నని సందు మిగులుతుంది. నీరు అందులోనికి సులభముగా దిగుతుంది, బయటికి రాదు, గాలి సోకి ఆరదు. పాత తుప్పు స్పంజివలె ఆ తడిని పట్టుకొని పైన వేసిన కొత్త రేకును కిందనుండి తింటుంది. తుప్పు పట్టిన ఇనుము మొదటి ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక లోపల ఉబ్బి వెల్డింగు చుక్కలను కూడా తెంచివేస్తుంది. రెండు మూడు వానాకాలములకు మరల మొదటికే వస్తుంది.

పలమనేరు దగ్గర ఒక గ్రామములో మేము కండ్లారా చూచిన సంగతి చెప్పుతాము. అన్నదమ్ములిద్దరు, వారి తల్లి. తండ్రి కొన్న బండి. టమోటా కాలములో రాత్రులందు మదనపల్లె మార్కెట్టుకు తమ సరుకు, పొరుగువారి సరుకు తోలి ఆ బాడుగతోనే ఇల్లు నడుపుకొనేవారు. ఒకనాడు నిలిపివున్న బండిలో వారి చెల్లెలి కుమారుడు, ఆరేండ్ల బిడ్డ, సీటు మీదినుండి కిందికి దూకాడు. కాలు రేకులోనుండి మోకాలి దాకా దిగిపోయింది. పిక్క మీద కోసుకొని ఏడు కుట్లు పడినవి, ధనుర్వాతము సూది వేయించవలసి వచ్చింది. బండి నిలిచి వుండబట్టి అంతటితో పోయింది. అదే రోడ్డుమీద పోతున్నప్పుడు జరిగివుంటే కింద తిరుగుతున్న షాఫ్టు వున్నది.

బండిని టింకరింగు షెడ్డుకు తోలినారు. మేస్త్రి పెద్దవాడు. పెద్ద కుమారుడు, “పైన ఒక మందము రేకు పరిస్తే పోలేదా మేస్త్రీ?” అని అడిగాడు. మేస్త్రి చీలిక రేకును ఉలితో పైకి లేపి చూపించాడు. “పరచొచ్చు నాయనా. మీ నాయన వున్నప్పుడే ఒకరు పరిచినారు. దానిమీద ఇంకొకరు పరిచినారు. మీ బండికి అడుగులు మూడు వుండాయి. నిలబడేదానికి మాత్రం ఒకటీ లేదు.” ఆ మూడు పొరల నడుమ ఎండిన బురద, టమోటా విత్తనములు గట్టిపడి వున్నవి. తల్లి ఒకే మాట అడిగింది: “ఎన్ని దినాలు బండి నిలబడుతుంది?” 

అసలు ప్రశ్న అదే. రేకు కిలోల లెక్కన వస్తుంది, దాని ఖర్చు కొంతే. కూలి దానికంటే ఎక్కువ. బండి నిలిచిన దినములలో పోయే బాడుగ అన్నిటికంటె ఎక్కువ. పైన రేకు పరిపించుకొనుట సోమరితనము వలన కాదు, ఆ బాడుగ పోతుందనే భయము వలననే అని మాకు తోస్తున్నది. గనుక కాయ కోత లేని నెలలు చూచుకొని పని పెట్టుకొనుట మేలు. ఆ కుటుంబము కూడా కేబినును వెంటనే కోయించి, తొట్టిని మూడు నెలల తరువాత చేయించుకొన్నారు. మనుషులు కూర్చునే చోటు ముందు, సరుకు చోటు తరువాత. మాకు ఆ వరుస సరియైనదిగా తోచింది.

ఇక పని విధానము. సీట్లు, మ్యాటు తీసివేసి, బ్యాటరీ వైర్లు విప్పవలెను. రేకు కింద పోయే వైర్లు, బ్రేకు పైపు, డీజిలు పైపు ఎక్కడ వున్నవో చూచి పక్కకు కట్టవలెను. పాత జీపులు కొన్నిటిలో డ్రైవరు సీటు కిందనే ఇంధనము ట్యాంకు వుంటుంది. ట్యాంకు బండిమీద వుండగా దాని దగ్గర కటింగు గాని వెల్డింగు గాని చేయనీయకండి. ఖాళీ ట్యాంకు గదా అంటారు. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదకరము, ఎందుకనగా లోపల ఆవిరి, గాలి కలిసి వుంటాయి. విప్పి దూరముగా పెట్టించండి. ఒక బక్కెట్టు ఇసుక, నీళ్లు దగ్గర వుంచండి.

కోయుటకు ముందు తలుపులు సరిగా పడుతున్నవో లేదో చూచి, రెండు తలుపు స్తంభముల నడుమ ఒక ఇనుప కడ్డీని తాత్కాలికముగా వెల్డింగు చేయించవలెను. అడుగు రేకు మొత్తము ఒకేసారి తీసివేస్తే కేబిను కొంచెము వంగుతుంది. తరువాత ఎంత కొట్టినా తలుపు పడదు. ఒక పక్క కోసి కొత్తది వేసిన తరువాతనే రెండవ పక్క కోయవలెను. ఈ కడ్డీ సంగతి చిన్నదే గాని, తొందరపడే షెడ్డులలో దీనిని వదిలివేస్తారు. మీరు అడిగి చేయించుకొనవలెను.

ఎంత దూరము కోయవలెను? తుప్పు ఆగినచోట కాదు, గట్టి ఇనుము మొదలైన చోటుకు ఇంకొక అంగుళము లోపలికి. తెల్లగా మెరిసే ఇనుము నాలుగు వైపుల కనబడే దాకా కోయవలెను. పలచని తుప్పు అంచుకు వెల్డింగు పట్టదు, నిప్పు తగలగానే కరిగి చిల్లి పెద్దదవుతుంది. కోసిన చోటికి అట్ట ముక్కను పెట్టి కొలత తీసి, ఆ అట్ట ప్రకారము రేకు కత్తిరిస్తారు. మూలలు చదరముగా కాక గుండ్రముగా వుంటే అక్కడ పగులు రాదు.

కేబినుకు 18 గేజి రేకు, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల మందము, చాలును. సీటు బోల్టులు పడే చోట మాత్రము కింద ఇంకొక మందపు బిళ్ల వేయించవలెను. కంపెనీ రేకును గమనించితే దానిమీద పొడుగుగా గాళ్లు తీసి వుంటాయి. అవి అందము కొరకు కావు. ఆ మడతల వలననే పలచని రేకుకు బిగువు వస్తుంది. చదునైన రేకును అలాగే వేస్తే కాలు పెట్టినప్పుడెల్లా డబడబమని మోగుతుంది, త్వరలో వంగుతుంది. మంచి మేస్త్రి చెక్కలో గాడి చేసి, దానిమీద రేకు పెట్టి, గుండ్రని సుత్తితో కొట్టి ఆ గాళ్లు తీస్తాడు. అర పూట పని. దానికి వేరుగా కూలి అడిగినా ఇవ్వండి.

పలచని రేకుకు మామూలు ఆర్కు వెల్డింగు లావు కడ్డీతో కొడితే చిల్లులు పడతాయి. గ్యాసు వెల్డింగు గాని, ఇప్పుడు చాలా షెడ్డులలో వున్న సీవోటూ వెల్డింగు గాని మేలు. ఏదైనను ఒక చివరనుండి రెండవ చివరకు ఒకే గీతగా లాగకూడదు. వేడికి రేకు అప్పడము వలె లేచిపోతుంది. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెట్టి, చల్లారనిచ్చి, నడుమ నడుమ నింపుతూ రావలెను. జింకు పూత రేకు వేయదలచితే అంచుల వెంబడి ఆ పూతను గ్రైండింగు చేసి తీసివేసిన తరువాతనే వెల్డింగు చేయవలెను. ఆ జింకు పొగ పీల్చినవానికి ఆ రాత్రి చలిజ్వరము వస్తుంది. పాలు త్రాగితే విరుగుడు అని షెడ్డులలో అనుకుంటారు గాని అది విరుగుడు కాదు. తలుపులు తీసి గాలి ఆడనిచ్చుట, ముఖమునకు తగిన మాస్కు వేసుకొనుట తప్ప వేరే దారి లేదు. బండి వెంట పిల్లలను షెడ్డుకు తీసికొనిపోకండి. ఆ వెలుగు వింతగా వుండి చూస్తారు, రాత్రికి కండ్లలో ఇసుక పోసినట్లు మంటలతో ఏడుస్తారు.

వెల్డింగు అయిన రోజే రెడ్ ఆక్సైడు ప్రైమరు పైన, కింద రెండు వైపుల వేయించండి. పచ్చి ఇనుము ఒక రాత్రి మంచుకు వుంటే తెల్లవారేసరికి ఎర్రబడుతుంది. అతుకుల వెంబడి సీలెంటు పూయించి, ఆ తరువాత పెయింటు, అడుగున అండర్ కోటింగు. నీరు పోయే రంధ్రములు కంపెనీవారు పెట్టినవి ఎక్కడ వుండెనో అక్కడే మరల పెట్టించవలెను. చాలామంది వాటిని దుమ్ము వస్తుందని మూయిస్తారు, అది తొట్టి కట్టి నీరు నిలుపుటయే. కొందరు పాత ఇంజను ఆయిలును అడుగున పూస్తారు. కొన్నాళ్లు తడిని ఆపుతుంది, నిజమే. కాని దుమ్మును పట్టి ముద్ద చేస్తుంది, రబ్బరు బుష్‌లను, బ్రేకు హోసులను మెత్తబరచి పాడుచేస్తుంది. చేతులకు అంటించుకొనుట చర్మమునకు కూడా మంచిది కాదు.

వెనుక తొట్టికి బలము కావాలని కొందరు 5 మిల్లీమీటర్ల ప్లేటు వేయిస్తారు. లెక్క చూడండి. ఇనుప రేకు చదరపు మీటరుకు, ఒక్కొక్క మిల్లీమీటరు మందమునకు 7.85 కిలోలు తూగుతుంది. 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు తొట్టికి 2 మిల్లీమీటర్ల రేకు సుమారు 58 కిలోలు. 3 మిల్లీమీటర్లది 88 కిలోలు. 5 మిల్లీమీటర్లది 146 కిలోలు. అనగా 2కు బదులు 5 వేసినవారు ప్రతి ట్రిప్పులో 88 కిలోలు బాడుగ లేకుండా మోస్తున్నారు. నాలుగు టమోటా క్రేట్లకు దగ్గరి బరువు! 2 గాని 3 గాని మిల్లీమీటర్ల రేకు వేసి కింద అడ్డ ఛానళ్లను గట్టిగా చేయించుకొనుట తెలివి. ఎరువు గాని, పశువులను గాని తోలిన సాయంత్రమే తొట్టిని కడిగి, వెనుక డోరు తీసి, వెనుక వైపు పల్లమునకు వుండునట్లు నిలిపితే నీరంతా పోతుంది.

రేకు కోసినప్పుడు ఛాసీ కనబడుతుంది. దానిని కూడా సుత్తితో తట్టి చూడండి. ఛాసీయే తుప్పు పట్టి పొరలు రాలుతుంటే అడుగు రేకుకు డబ్బు పెట్టకండి. మాకు తెలిసినంతలో అటువంటి బండిని వదులుకొనుటయే మేలు, తండ్రి బండియైనను సరే. ఛాసీ మీద కొట్టిన నంబరు ఎక్కడ వున్నదో ముందే గుర్తు పెట్టుకొని, అక్కడ గ్రైండింగు గాని, మందపు పూత గాని పడకుండ కాపాడండి. అది చెరిగితే ఎఫ్.సి. సమయములో కష్టము. సొంత బండికి రిజిస్ట్రేషను 15 సంవత్సరములు, ఆపైన 5 సంవత్సరములకొకసారి రెన్యువలు. సరుకు బండికి 8 సంవత్సరములు దాటితే ప్రతి యేట ఎఫ్.సి. వుండవలెను. కాగితములు లేని బండికి ముందు కాగితముల సంగతి తేల్చుకొని తరువాత షెడ్డుకు పోవలెను.

ఒక మాట మన సంఘములను గూర్చి కూడా చెప్పక తప్పదు. కన్వెన్షనులకు, పెండ్లిండ్లకు తొట్టిలో ముప్పది మందిని ఎక్కించి తోలుట మనలో వున్నది. సరుకు బండిలో మనుషులను ఎక్కించుట చట్టవిరుద్ధము. కొత్త రేకు వేయించినంత మాత్రమున అది సరియైపోదు. ఆ తొట్టిలో పట్టుకొనుటకు ఏమీ వుండదు, ఇన్సూరెన్సు వారు కూడా బాధ్యత వహించకపోవచ్చును. బస్సు మాట్లాడుకొనుటకు సంఘమంతా తలా కొంచెము వేసికొనండి.

పని అయిన తరువాత పెయింటు బాగా ఆరకుండ మ్యాటు పరచకండి, నాలుగైదు రోజులు ఎండకు తలుపులు తీసి వుంచండి. గోనె సంచులు, పీచు చాపలు మానివేసి, తీసి ఆరవేయుటకు వీలైన రబ్బరు మ్యాటు వాడండి. ముందు అద్దము రబ్బరు మార్పించకుండ మాత్రము ఈ పని అంతయు చేయించకండి. మార్పించితిరా, లేదా అనేది మొదటి వాన చెప్పుతుంది. వాన వెలసిన మరునాడు మ్యాటు ఎత్తి, పెడల్స్ దగ్గర చేయి పెట్టి తడిమి చూడండి.